మొదటి గంట మోగినంతసేపు

మొన్న క్రిస్మస్‌కు మా గుడిలో బియ్యం బస్తాలు ఇచ్చినవాళ్ల పేర్లు మైకులో చదివారు. నా పేరు చదవలేదు. కాగితంలో ఎక్కడో జారిపోయి ఉంటుంది. నేను నాలుగో వరుసలో కూర్చుని ఉన్నాను. ఒక క్షణం ఓర్చుకున్నాను. రెండో క్షణం కూడా ఓర్చుకున్నాను. మూడో క్షణంలో లేచి నిలబడి, "అయ్యా, అందులో రెండు బస్తాలు నావి కూడా ఉన్నాయి" అన్నాను.

పాస్టరుగారు నా మనవడి వయసువాడు. పాపం కంగారుపడి, క్షమించమని, నా పేరు రెండుసార్లు చదివాడు, బస్తాకొకసారి అన్నట్టు. అందరూ చప్పట్లు కొట్టారు. నేను కూర్చున్నాను. కూర్చున్నాక ఇంకో గుడి గుర్తొచ్చింది. ఇప్పుడు నాకు డెబ్బై దాటాయి. గుడిలో లేచి నిలబడి ఉన్నమాట చెప్పడం నాకది రెండోసారి. మొదటిసారి చెప్పినప్పుడు నాకు తొమ్మిదేళ్లు.

మా ఊరు అనంతపురం నుంచి మడకశిర పోయే దోవలో ఉండేది. బస్సు ఆగేది. ఎందుకు ఆగిందో దిగినవాళ్లకు మాత్రమే తెలిసేది. ఊరికి ఎడంగా పాతిక ఇళ్లు మావి. ఆ ఇళ్లకు ఒక గుడి. బండలు పరిచిన కప్పు, సున్నం కొట్టిన గోడలు, లోపల చాపలు. వాకిట్లో రెండు రాతి కూసాలు పాతి, వాటి మీద అడ్డంగా వేసిన కొయ్యకు ఒక గంట కట్టి ఉండేది. ఆ గంట ఏ దొర ఎప్పుడు ఇచ్చాడో ఎవరికీ తెలియదు. ఆదివారం తెల్లవారగానే మొదటి గంట, ఎండ వాకిట్లోకి వచ్చాక రెండో గంట. గడియారం ఉన్న ఇల్లు మాలో ఒక్కటీ లేదు. అవసరమూ పడలేదు.

ఆ యేడు వాన రాలేదు. అంతకు ముందు యేడూ రాలేదు. కానీ ముందు యేడు రాకపోవడంలో కొంత మర్యాద ఉండింది, మబ్బులైనా వచ్చి పలకరించి పోయాయి. ఈ యేడు అదీ లేదు. చెనిక్కాయ చెట్టు పీకితే వేళ్లకు నాలుగు డొల్లలు వేలాడేవి, చెవి దగ్గర ఊపితే లోపల ఏమీ కదిలేది కాదు. మేము వాటిని ఊపుకుంటూ, చప్పుడు నోటితో చేసుకుంటూ, గిలక్కాయల్లాగా ఆడుకునేవాళ్లం. పెద్దవాళ్లకు ఆ చప్పుడు నచ్చేది కాదు, చప్పుడు లేకపోవడం అసలే నచ్చేది కాదు. ఆ రోజుల వాసన అంటే నాకు ఇప్పటికీ ఎర్రమట్టి దుమ్ము, ఎండిన వేపాకు, మిషనువాళ్లు పంచిన పాలపొడి. ఆ పొడి అంగిట్లో అతుక్కుంటే వేలు పెట్టి గీక్కోవాలి. మేము దాన్ని కావాలనే అతికించుకునేవాళ్లం, ఎక్కువసేపు ఉంటుందని.

మా అవ్వ, అంటే మా నాయన తల్లి, పొయ్యి పక్కన ఒక చిన్న కుండ పెట్టుకుని ఉండేది. వంటకు గింజలు తీసినప్పుడల్లా, చేటలో పోయకముందే, ఒక పిడికెడు తీసి ఆ కుండలో వేసేది. మా పాతిక ఇళ్లలోనూ ఆడవాళ్లందరూ అంతే. అది దేవుడి పిడికెడు. ఆదివారం నాడు ఎవరి కుండ వాళ్లు గుడికి తెచ్చి, ముందు పెట్టిన గంపలో ఒంపేవాళ్లు. గంప నిండితే గుడిలో ప్రసంగం చెప్పే అయ్యగారు సోమవారం తన పంచలో నిలబడి ఇల్లు గడవనివాళ్లకు కొలిచి ఇచ్చేవాడు. మంచి ఏర్పాటే. ఒకే ఇబ్బంది ఏమిటంటే అయ్యగారి పంచ మా పాతిక ఇళ్ల బావికి ఎదురుగా ఉండేది. సోమవారం పొద్దున బావి దగ్గర నీళ్ల కంటే జనం ఎక్కువ. ఎవరు ఒడి పట్టారో మధ్యాహ్నానికల్లా పొలాల్లోకి కూడా తెలిసిపోయేది.

అందుకని ఆ పంచ మెట్టు ఎక్కని మనిషి ఒకామె ఉండేది. మేము ఆమెను గంటవ్వ అనేవాళ్లం. మొగుడు బతికి ఉన్నన్నాళ్లూ ఆయన గంట కొట్టాడు, పోయాక తాడు ఈమె చేతికి వచ్చింది. పిల్లలు లేరు. గుడి గోడకు ఆనుకుని ఒక గది ఆమెది. మంచి రోజుల్లో గంట కొట్టినందుకు తలా ఇంత గింజలు ఇచ్చేవాళ్లు. కరువు రాగానే అందరూ ముందుగా మరిచిపోయింది ఆ గింజల్నే. ఆమె మాత్రం ఒక్క ఆదివారమూ గంట మరవలేదు.

ఆమె ఏం తింటోందో మా అవ్వ చాలా రోజులు గమనించింది. గమనించి, ఒక శనివారం నన్ను పిలిచింది.

"ఏమ్మే, నీకు పరిగెత్తడం వచ్చునా?"

"వచ్చు."

"నోరు మూసుకోవడం?"

రెండో దానికి నేను కొంచెం ఆలోచించి "వచ్చు" అన్నాను. అవ్వ నన్ను అనుమానంగా చూసింది. ఆ అనుమానమే సరైనది.

పథకం చాలా తేలిక. ఇచ్చేది ఎవరో ఇంకొకరికి తెలియకూడదన్న బైబిలు మాటను మా అవ్వ బాగా పట్టించుకునేది, మిగతా వాక్యాలను వీలును బట్టి. ఆదివారం మొదటి గంట మోగుతున్నంతసేపు గంటవ్వ ఇంట్లో ఉండదు, తాడు దగ్గర ఉంటుంది. గంట మొదలు కాగానే నేను సందు వెంట పరిగెత్తి, ఆమె గదిలోకి దూరి, గోడ గూట్లో గింజల సంచీ పెట్టి, గంట ఆగేలోపల ఇంట్లో ఉండాలి. పోయిన వారం సంచీ ఖాళీ చేసి మడిచి అక్కడే పెట్టి ఉండేది, దాన్ని తెచ్చేసుకోవాలి. అంతే. నేను తొమ్మిది వారాలు పరిగెత్తాను. మధ్యలో రెండుసార్లు సంచీలో చెయ్యి పెట్టి ఇన్ని పచ్చి గింజలు నోట్లో పోసుకున్నాను. దాన్ని నేను రవాణా ఖర్చు కింద లెక్కవేసుకున్నాను.

గంట ఎంతసేపు మోగేదంటే, నేను ఇల్లు చేరి, కాళ్లు కడుక్కుని, ఏమీ ఎరగనట్టు పొయ్యి దగ్గర కూర్చున్నాక కూడా మోగుతూనే ఉండేది. ఒకసారి అయ్యగారే అడిగాడు.

"ఏమవ్వా, మొదటి గంట ఇంతసేపు కొడుతున్నావు? చేతులు నొప్పి పుట్టవా?"

"జనం మత్తు నిద్దర్లో ఉండారయ్యా. కరువులో నిద్దర జాస్తి. నిద్దర్లో ఆకలి కనపడదు గదా" అన్నది గంటవ్వ.

అయ్యగారు నవ్వాడు. నేనూ నవ్వాను. ఆ జవాబు నాకు అప్పుడు జోకులాగే వినబడింది.

మా నాయన మడకశిర అవతల ఒక మిషను బడిలో అయ్యవారు. నెలకొకసారి వచ్చేవాడు. అటువైపు ఉండీ ఉండీ ఆయన తెలుగులో సగం కన్నడం కలిసిపోయింది, కోపమొస్తే మొత్తం కన్నడమే. ఆ నెల వచ్చేటప్పుడు బస్సు మీద ఒక రాగుల మూట వేసుకుని వచ్చాడు. అక్కడ బావుల కింద ఇంకా కొంచెం రాగి పండుతోందట, బడిపిల్లల తల్లిదండ్రులు ఇచ్చారట. మా ఊళ్లో ఆ యేడు రాగి గింజ అన్నది ఎవరూ చూడలేదు. కొర్రలు, అవి లేకపోతే సజ్జలు, అవీ లేకపోతే కలెక్టరుగారి మాటలు. ఆ రాత్రి మా ఇంట్లో సంగటి, పుంటికూర, దాచిపెట్టిన పాత చెనిక్కాయలు నూరి చేసిన ఊరిబిండి. ముద్ద మధ్యలో గుంట చేసి ఊరిబిండి పెట్టుకుంటే వచ్చే ఆవిరి వాసనకు నేను ఇంకో రెండు కరువులు ఓర్చుకోగలిగి ఉండేదాన్ని.

శనివారం అవ్వ సంచీలో రాగులు పోసింది. ఆదివారం నేను పరిగెత్తాను.

ఆ పొద్దున ఆరాధనలో పాటలయ్యాక ఆడవాళ్లు వరసగా లేచి గంపలో ఎవరి పిడికెళ్లు వాళ్లు ఒంపుతున్నారు. గంప అడుగున కొర్రలు పలచగా, పసుపు పచ్చగా కనబడుతున్నాయి. చివర గంటవ్వ వచ్చింది. ఆమె చేతిలో కొబ్బరి చిప్ప. అందులోవి ఒంపింది. పచ్చటి కొర్రల మీద ఎర్రటి రాగులు, తడిమట్టి జల్లినట్టు పడ్డాయి.

గూట్లోకి సంచీ రాగానే, చేటలో పోసుకోకముందే, ఆమె కూడా తన పిడికెడు తీసేది. ఇప్పుడు చెబితే మామూలు మాటలాగే ఉంటుంది. ఆ సంచీలో మొత్తం ఎన్ని పిడికెళ్లు ఉంటాయో మోసిన నాకు తెలుసు.

అయ్యగారు గంపలోకి చూశాడు. మంచివాడు, కానీ ప్రసంగానికి విషయం దొరికితే వదిలే మనిషి కాదు.

"చూడండి సోదరులారా! ఊళ్లో రాగి గింజ లేని కాలంలో ఈ పేద విధవరాలి చేతికి రాగులు ఎట్లా వచ్చాయి? ఎవరు పంపారు? బైబిలులో విధవరాలి పిండి తరగని కుండ కథ పాతకాలందని అనుకుంటిరి గదా. ఇదుగో, మన కళ్ల ముందర!"

జనం "ఆమెన్" అన్నారు. ఒకామె కళ్లు తుడుచుకుంది. గంటవ్వ ఎక్కడ చూడాలో తెలియక చిప్పలోకి చూస్తూ నిలబడింది.

ఆ పిండి కుండ కథ మీద నాకు ఏ అభ్యంతరమూ లేదు. కానీ మా రాగులను బస్సు పైకెక్కించి తాడు కట్టింది మా నాయన. సందులో ముల్లు గుచ్చుకున్నా ఆగకుండా పరిగెత్తింది నేను. తొమ్మిది వారాలు నోరు మూసుకున్నదీ నేనే. ఇంత చాకిరీ చేసినవాళ్ల ఊసే లేకుండా పేరంతా పైకి పోతుంటే నాకు అన్యాయం అనిపించింది. పైగా బడిలోనైనా గుడిలోనైనా ఎవరైనా తప్పు చెబితే సరిచేయకుండా ఉండలేని గుణం నాకు అప్పటికే వచ్చేసింది. పెద్దయ్యాక అదే గుణానికి ముప్ఫై ఏళ్లు జీతం కూడా ఇచ్చారు.

లేచి నిలబడ్డాను.

"అయ్యగారూ, అవి పైనుంచి రాలేదు. మా నాయన మడకశిర నుంచి బస్సు మీద తెచ్చినాడు. మా అవ్వ నాతో పంపించినాది. ఈ ఒక్కతూరే కాదు, ప్రతి ఆదివారమూ పంపిస్తాంది. మొదటి గంట కొట్టేటప్పుడు నేనే పోయి గూట్లో పెట్టొస్తాండా."

నేను మెచ్చుకోలు కోసం చుట్టూ చూశాను. మా అవ్వ తల వంచుకుని ఉంది. ప్రార్థన చేస్తోందేమో అనుకున్నాను.

వెనక నుంచి ఒకామె, మెల్లగానే, కానీ అందరికీ వినబడేంత మెల్లగా, "అట్లనా! నేననుకుంటాంటి, ముసిల్ది ఏం తిని బతుకుతాందబ్బా అని" అన్నది. ఎవరో కిసుక్కుమన్నారు.

అయ్యగారు చేతిలోని బైబిలులో ఏదో వెతకడం మొదలుపెట్టాడు. గంటవ్వే ఆయనను ఆదుకుంది.

"పాప అబద్ధం చెప్పలేదయ్యా" అని, చిప్ప కొంగు కింద పెట్టుకుని, తలుపు పక్కన తన చోట్లోకి పోయి కూర్చుంది.

ఇంటికి వచ్చాక అవ్వ నన్ను కొట్టలేదు. కొట్టి ఉంటే బాగుండేది, దెబ్బలైతే ఏదో ఒక దగ్గర ఆగుతాయి. మధ్యాహ్నం దాకా చూసి నేనే కదిలించాను.

"నిజమే గదా అవ్వా నేను చెప్పింది?"

"నిజమే. కాదని నేనంటినా?"

"మరి?"

"నిన్ను ఎవురడిగినారు?" అన్నది అవ్వ. అంతే. పొయ్యిలో పుల్ల ఎగదోసింది.

తరవాతి ఆదివారం మామూలుగానే సంచీ నా చేతికిచ్చింది. ఏమీ జరగనట్టు నడిపించేద్దామని ఆమె ఆశ అయి ఉంటుంది. గంట మొదలైంది. నేను పరిగెత్తాను. సందు మధ్యలో ఉండగానే గంట ఆగిపోయింది. ఏడే దెబ్బలు. అంత తొందరగా అది ఎప్పుడూ ఆగలేదు. సంచీ దాచుకునేందుకు ఒక చెట్టు కూడా లేదు. గంటవ్వ గుడి వాకిలి దాటి ఎదురుగా వస్తోంది.

"ఎవురికి పాపా అది?"

నేను మాట్లాడలేదు. మాట్లాడకుండా ఉండటం నాకు ఒక వారం ఆలస్యంగా వచ్చింది.

"అవ్వకు ఇయ్యి పో. వద్దన్యానని చెప్పు" అన్నది. గొంతులో కోపం లేదు. నా జుట్టు మీద పడిన దుమ్ము దులిపి, తన గదిలోకి పోయింది.

సాయంత్రం మా అవ్వే ఆమె గడపలో కూర్చుంది. నేను అవ్వ వెనక, కొంగు చాటున.

"ఏమ్మే, నా మీద కోపమా?"

"కోపమెందుకక్కా. ఇన్నాళ్లూ గూట్లో ఉండింది తింటి. పెట్టింది ఎవురో నాకు తెల్దు. దేవుడే పెట్టినాడనుకొని తింటి, కడుపు నిండె. ఇప్పుడు ముద్ద ఎత్తితే నీ మొగం కనపడతాంది."

"నా మొగం అంత చెడ్డగుండాదా?"

గంటవ్వ నవ్వింది. "బాగుండాది లేక్కా. అయినా ముద్ద దిగదు."

లేచేటప్పుడు మా అవ్వ సంచీ అక్కడ మరిచిపోయినట్టు నటించింది. గంటవ్వ దాన్ని తెచ్చి నా చేతిలో పెట్టింది.

ఆ నెలలోనే గవర్నమెంటు కరువు పనులు మొదలయ్యాయి, రోడ్డుకు కంకర కొట్టే పని. వయసు వాళ్లే సాయంత్రానికి నడుం పట్టుకుని వచ్చేవాళ్లు. అరవై దాటిన గంటవ్వ కూడా సుత్తి పట్టింది. పనికి పోతే మధ్యాహ్నం గంజి పోస్తారు. పని చేసి తాగే గంజిలో ఎవరి ముఖమూ కనబడదు. అది నాకు అప్పుడు అర్థం కాలేదు. నాకు అర్థమైంది ఒకటే, ఆమె చేతివేళ్లకు గుడ్డపీలికలు చుట్టుకుని ఉన్నాయి, ఆదివారం తాడు పట్టుకుంటే ఆ పీలికలు జారిపోతున్నాయి.

ఒకరోజు బడి ఎగ్గొట్టి ఆమె దగ్గరికి పోయాను. రాగిపిండి వేయించి బెల్లంతో కట్టిన ఉండలు నాలుగు మా ఇంట్లోనే దొంగిలించి కాగితంలో చుట్టుకున్నాను. క్షమించమని అడగాలి. ఏమని అడగాలో దారి పొడవునా వల్లె వేసుకున్నాను. ఆమె ఈతాకు తడిక నీడలో, కాళ్లు బారచాపుకుని కూర్చుని ఉంది. చుట్టూ కొట్టిన రాళ్లు, కొట్టాల్సిన రాళ్లు. ముందు సత్తుగిన్నెలో గంజి.

"ఏం పాపా, ఇంత ఎండలో యాడికి వస్తివి?"

ఉండల పొట్లం చాపాను. ఆమె తీసుకోలేదు. నా ముఖం చూసింది. "తిన్యావా?"

లేదన్నాను. అదీ నిజమే. నేను నిజాల మనిషిని.

గిన్నె మూతలోకి సగం గంజి ఒంపి, ఉల్లిగడ్డ ముక్క పక్కన పెట్టి, "తాగు ముందు" అన్నది. తాగాను. అంత ఎండలో, అంత దూరం నడిచాక, ఆ గంజి ఎంత బాగుందో చెప్పడానికి నాకు ఇప్పటికీ సిగ్గుగా ఉంటుంది. వల్లె వేసిన మాటలు గంజితో పాటు లోపలికి పోయాయి.

"అవ్వా, గంట అంతసేపు ఎందుకు కొడతాంటివి?" అన్నాను. క్షమాపణకు బదులు నా నోటికి వచ్చింది అది.

ఆమె సుత్తి పక్కన పెట్టింది.

"గూట్లో పెట్టేవాళ్లకు టైము సాలల్ల గదా పాపా. మొదటి వారం గడపలో సిన్న అడుగులు కనపడె. ఎవురో పిల్లలు పరిగెత్తుకుంటా వస్తాండారు, సందులో రాళ్లుండాయి, పడతారేమో అని రొంతసేపు ఎక్కువ కొడతాంటి. తాడు దగ్గర నిలబడి వెనక్కి తిరిగితే మా గడపే కనపడతాది. ఒక్కతూరి కూడా తిరగలే."

అన్ని వారాలు ఆ ముసలి చేతులు నా కోసం గంట మోగించాయన్నమాట. నేను నా కాళ్ల వేగం అనుకున్నాను. మా ఇద్దరిలో రహస్యం కాపాడింది నేను కాదు.

క్షమాపణ రేపు అడుగుదాంలే అనుకుని లేచాను. దారిలో ఆకలేసి ఆ నాలుగు ఉండలూ నేనే తిన్నాను. సాయం చేయడానికి పోయి, అవతలివాళ్ల గంజి తాగి, తెచ్చింది కూడా తిని తిరిగొచ్చిన మనిషిని ఆ జిల్లాలో నేనొక్కదాన్నే అయి ఉంటాను.

రేపు పోలేదు, ఎల్లుండి పోలేదు. కంకర పని అయిపోగానే మా ఊరివాళ్లు కొందరు తుంగభద్ర కాలువ కిందికి కోతలకు పోయారు, వాళ్లతో గంటవ్వా పోయింది. పోయేముందు తాడును చుట్ట చుట్టి అయ్యగారి పంచలో పెట్టి పోయిందట. ఆ పంచ మెట్టు ఆమె ఎక్కింది అదొక్కసారే. తరవాతి యేడు వానలు పడ్డాయి, పోయినవాళ్లు తిరిగొచ్చారు, ఆమె రాలేదు. బళ్లారిలో చెల్లెలి కూతురి దగ్గర ఉండిపోయిందని ఒకరన్నారు. ఇంకొకరు వేరే విధంగా చెప్పారు. నేను మొదటిదే నమ్ముతున్నాను. రెండోది నమ్మడానికి ఇన్నేళ్లుగా ధైర్యం చాలలేదు.

మా అవ్వ బతికి ఉన్నన్నాళ్లూ పిడికెడు తీస్తూనే ఉంది. ఎవరికి పెట్టేదో, ఎప్పుడు పెట్టేదో నాకు మళ్లీ తెలియలేదు. నన్ను మళ్లీ పరిగెత్తమనలేదు.

ఇంతా తెలిసిన మనిషిని, మొన్న నాలుగో వరుసలో లేచి నిలబడ్డాను.

ఆరాధన అయ్యాక బియ్యం పంచారు. చెప్పుల కోసం తలుపు దగ్గరికి వచ్చాను. అక్కడ గోడవారగా ఒక ముసలామె బియ్యం సంచీ ఒళ్లో పెట్టుకుని కూర్చుని ఉంది, నా కంటే పదేళ్లు చిన్నదే కావచ్చు, కాయకష్టం వయసును ముందుకు తోసింది. నన్ను చూసి లేవబోయింది.

"అమ్మా, ఈ బియ్యం నీయేనంట గదా?"

"కాదమ్మా" అన్నాను. "ఎవరెవరివో కలిసిపోయి ఉంటాయి." గుడిలో నేను ఆడిన మొదటి అబద్ధం అది. ఎంత హాయిగా వచ్చిందో.

"లేచి చెప్తివి గదమ్మా. నేను ఈడ్నే కూచోనుంటి" అన్నది ఆమె. అని, సంచీ కింద పెట్టి, రెండు చేతులూ జోడించింది. ఆ రాత్రి ఆమె ముద్ద ఎత్తినప్పుడు ఎవరి ముఖం కనబడి ఉంటుందో నాకు ఎవరూ చెప్పనక్కర్లేదు.

చెప్పులు వెంటనే దొరకలేదు. వెతుక్కుంటూ ఉండగా మధ్యాహ్నం ఆరాధనకు గంట మోగింది. మా గుడిలో ఇప్పుడు తాడు లేదు, గోడకు స్విచ్చి ఉంది. నొక్కితే సరిగ్గా ఒక నిమిషం మోగి దానంతట అదే ఆగిపోతుంది. సందులో ఎవరు పరిగెత్తుతున్నా, వాళ్లు ఇల్లు చేరినా చేరకపోయినా.